చొక్కా ఆరేదాకా

పై వాటా, వంటింటి బల్ల
సోమవారం

ఒరేయ్ చిటపటా,

నిన్న ఫోన్లో నువ్వు అరిచిన అరుపుకి మీ బావ పక్కగదిలోంచి లేచొచ్చి, "ఏమైంది, ఎవరు పోయారు?" అని అడిగారు. ఎవరూ పోలేదు, మా తమ్ముడు మాట్లాడుతున్నాడు అని చెప్పాను. ఈ విచారణ అయ్యేదాకా మనిద్దరికీ ఫోను వద్దు. రాయి. నోటికంటే చెయ్యి నెమ్మది. కాగితం మీద తిట్టాలంటే ఒక్కో అక్షరం దిద్దుకుంటూ తిట్టాలి, సగంలోనే విసుగొస్తుంది.

ఆ అరుపుల్లోంచి నేను ఏరుకున్నది ఇదీ. గాజు ఊదే ఇనప గొట్టాన్ని మీ సూపర్‌వైజరు మీదికి విసిరావు. అది ఆయన చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలింది. నిన్ను పనిలోంచి ఆపారు. మేనేజరూ, హెడ్డాఫీసు వాళ్ళూ కూర్చుని విచారిస్తారు. అక్కడ కూడా నోరు జారావంటే కొలిమి దగ్గర నీ చోటు పోతుంది. మీసాలు రాకముందు నుంచీ నిలబడ్డ చోటు. ఇందులో తప్పుంటే చెప్పు.

గొట్టం జానెడు ఇటు పడి ఉంటే ఏమయ్యేదో నేను రాయను. నీకు తెలుసు.

లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం చించి పంపుతున్నాను. మధ్యలో గీత గీశాను చూడు. ఒక పక్క నీ చేతిలో ఉన్నవి రాసుకో, ఇంకో పక్క లేనివి. సూపర్‌వైజరు బుద్ధి నీ చేతిలో లేదు. మేనేజరు ఏం తేలుస్తాడో లేదు. నీ నాలుక ఉంది. నెల మొదట్లో నేను ఇంటి లెక్క ఇలాగే చూస్తాను. కూరగాయల ధర నాకు చెప్పి పెరగదు, ఎన్ని కొనాలో మాత్రం నా ఇష్టం. బతుకూ అంతేరా.

నాన్న పద్ధతి గుర్తుందా? కోపం వస్తే చొక్కా విప్పి ఉతుక్కోవాలి. అది తాడు మీద ఆరేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. వీధిలో వాళ్ళు మన తాడు చూసి ఈరోజు ఇంట్లో ఎవరికి కోపమో చెప్పేసేవారు. నీ చొక్కాల రంగు వెలిసింది అందుకే.

జవాబు వెంటనే రాయి. కాదు, చొక్కా ఆరాక రాయి.

అక్క

*

కార్ఖానా గేటు ఎదురు గది
గురువారం

అక్కా,

చొక్కా ఉతికాను. కిటికీ చువ్వలకి ఆరేశాను. కింద టైర్ల కొట్టు వాడు నెత్తిన నీళ్ళు పడ్డాయని వచ్చాడు. వాడితో గొడవ పడకుండా ఉండటానికి ఇంకో చొక్కా ఉతకాల్సి వచ్చింది. ఇప్పుడు బనీనుతో రాస్తున్నాను.

నువ్వు రాసింది నిజమే, కానీ సగం. గొట్టం విసిరింది నేనే. ఎందుకు విసిరానో విను.

ఊదిన గాజు సీసాని అలాగే బయట పెట్టకూడదు. చల్లార్చే గదిలో పెట్టి, వేడి కొంచెం కొంచెంగా దింపుతూ మర్నాటిదాకా ఉంచాలి. తొందరపడి తీస్తే పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల మాత్రం బిగుసుకుని ఉంటుంది. ఎప్పుడు పగులుతుందో ఎవడూ చెప్పలేడు. ఈ కొత్త సూపర్‌వైజరు వచ్చాక సరుకు ఎక్కువ పంపాలని, ఆ గది టైము సగానికి కోసేశాడు. ప్యాకింగ్‌లో మా అందరికీ పిన్ని లాంటి ఆవిడ ఉంది. మూతి దాకా తుడిచి కాగితం చుడుతుంటే ఊరగాయ జాడీ అంత సీసా ఆవిడ చేతిలోనే పేలింది. బొటనవేలి నరం తెగింది. ఇప్పుడు ఆ వేలు వంగదు.

ఆయన వచ్చి రక్తం చూసి ఏమన్నాడో తెలుసా? "సరుకు జాగ్రత్తగా పట్టుకోవాలమ్మా" అన్నాడు. అప్పుడు నా చేతిలో గొట్టం ఉంది. ఆ తర్వాత లేదు.

నువ్వు పంపిన కాగితంలో గీతకి ఒక పక్కన "నాలుక" అని రాసి ఆపేశాను. రెండో పక్క నిండిపోయింది.

నాన్న పద్ధతి అన్నావు కదా, నేను చొక్కా పొయ్యి మీద ఆరబెట్టిన రోజు గుర్తొచ్చింది. నిన్ను తిట్టాలని తొందర. కాలరు కమిలిపోయింది. నాన్న దాన్ని వాసన చూసి, "చొక్కా ఆరింది, నువ్వు ఆరలేదు" అని మళ్ళీ తొట్టిలో వేశాడు. నువ్వు తలుపు చాటున నిలబడి నవ్వావు. అది మాత్రం నేను మర్చిపోలేదు.

తమ్ముడు

*

పై వాటా
ఆదివారం

చిటపటా,

పిన్నిగారి సంగతి చదివి మనసు పాడైంది. ఆవిడకి ఏం కావాలో కనుక్కో.

కానీ విచారణ ఆవిడ గురించి కాదు, గొట్టం గురించి. రెండూ కలపకు. వాళ్ళు అడిగినదానికి, "కోపం వచ్చింది, తప్పయింది" అని చెప్పి కూర్చో. చల్లార్చే గది మాట ఎత్తకు. ఎత్తావంటే నీ గొంతు లేస్తుంది. గొంతు లేచిందంటే నువ్వు చెప్పింది ఎవరికీ వినపడదు, నీ అరుపే వినపడుతుంది. ఆవిడ వేలు నీ చేతిలో లేదు. గీతకి అవతలి పక్కది. అవతల పెట్టి వదిలెయ్యి.

నిగ్రహం అంటే ఇదేరా. అందరూ అంటారు గానీ చేసేవాళ్ళు ఎవరు? నేను ఇన్నేళ్ళు ఈ ఇల్లు నడిపింది నోరు కట్టుకునే. మీ అత్తయ్యగారు, అదే మా అత్తగారు, పోయేదాకా నా వంటలో ఉప్పు ఎక్కువనే అన్నారు. ఒక్కసారి ఎదురు చెప్పానా?

ఇంకో మాట. నీ మేనకోడలు వాళ్ళ ఆఫీసులో ఒక అబ్బాయిని ఇష్టపడింది. మంచివాడు, నెమ్మదస్తుడు. వివరాలు తర్వాత రాస్తాను. నీ గొడవ తేలనీ ముందు.

అక్క

*

గేటు ఎదురు గది
బుధవారం

అక్కా,

మొదటి విచారణ అయింది. నువ్వు చెప్పినట్టే చేశాను. బడిలో పద్యం అప్పజెప్పినట్టు, "కోపం వచ్చింది, తప్పయింది" అన్నాను. మేనేజరు కళ్ళజోడు తీసి, "అంతేనా? ఊరికే కోపం వచ్చిందా?" అన్నాడు. అంతేనండీ అన్నాను. సూపర్‌వైజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన వాలిన తీరు చూస్తే బాగా భోంచేసి లేచినవాడిలా ఉన్నాడు.

బయటికి వస్తే వరండా బెంచీ మీద పిన్ని ఉంది. సీసా ఎందుకు పగిలిందో తేల్చడానికి వచ్చేవారం, శుక్రవారం ఇంకోసారి కూర్చుంటారట. సూపర్‌వైజరు అప్పుడే రాసిచ్చేశాడు, ఆవిడ నిర్లక్ష్యం వల్లేనని. అదే ఖాయమైతే ఆవిడకి పనీ ఉండదు, వైద్యం ఖర్చూ ఉండదు. "లోపల చెప్పావా నాయనా?" అని అడిగింది. ఏం చెప్పను? నీళ్ళు తాగడానికి వెళ్తున్నట్టు పక్కకి వెళ్ళిపోయాను. కుళాయి కట్టేసి ఉంది. అయినా అక్కడే నిలబడ్డాను.

నన్ను మళ్ళీ పిలుస్తారు. అప్పుడు కూడా ఇదే పద్యమా?

నీ పద్ధతి ప్రకారం నేను చాలా బాగా ప్రవర్తించాను అక్కా. మరి ఇంత రోతగా ఎందుకుంది?

పిల్ల సంగతి సంతోషం. ఎవరా అబ్బాయి? తండ్రి ఏం చేస్తాడు?

తమ్ముడు

*

పై వాటా
శనివారం

చిటపటా,

బాగా చేశావు. రెండోసారి కూడా అంతే చెయ్యి. రోత అనేది అలవాటు లేక. కొత్త చెప్పు కరిచినట్టు నాలుగు రోజులు కరుస్తుంది, తర్వాత సర్దుకుంటుంది.

అబ్బాయి తండ్రిది మంచి ఉద్యోగమే. పరువు గల మనుషులు.

వేళకి తిను. విచారణ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకో.

అక్క

*

గేటు ఎదురు గది
సోమవారం

అక్కగారికి,

ఇవాళ జీతం కాగితాల కోసం ఆఫీసుకి వెళ్ళాను. వరండాలో సూపర్‌వైజరు ఎదురయ్యాడు. తప్పుకుని పోబోతే భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమయ్యా, చల్లబడ్డావా? మీ అక్కగారు చెప్పారులే, మా తమ్ముడు నోటిదురుసే గానీ చెప్తే వింటాడండీ అని. విన్నట్టే ఉన్నావు."

"మా అక్క మీకెలా తెలుసండీ?"

"అదేంటి, చెప్పలేదా? మీ మేనకోడలు మా ఇంటి కోడలు కాబోతోంది. నువ్వూ నేనూ చుట్టాలం. ఆ గొట్టం సంగతి నేను మర్చిపోతా, ఆ సీసా సంగతి నువ్వు మర్చిపో. ఏమంటావు బావగారూ?"

ఆ చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తీసి పక్కన పెట్టాను. ఒక వస్తువుని తీసి పెట్టినట్టు. వచ్చేశాను.

చొక్కా ఉతికాను. బయట ముసురు పట్టింది. ఆరదు.

నీ కాగితం ఇదిగో, తిరిగి పంపుతున్నాను. గీతకి ఏ పక్కనా నువ్వు రాయనిది ఒకటుంది. అది ఎక్కడ రాయాలో నువ్వే చెప్పు.

*

పై వాటా
బుధవారం

నాన్నా,

అక్కగారికి అని రాశావు. అంతకంటే తిట్టినా బాగుండేది.

నువ్వు గొట్టం విసిరిన మర్నాడే వాళ్ళు మా ఇంటికి వచ్చారు. అప్పటికి ఆయన ఎవరో నాకు తెలియదు. టీ పోస్తుంటే ఆయన నవ్వుతూ చెప్పాడు, "నిన్న మా కార్ఖానాలో ఒక పిచ్చివాడు నన్ను చంపబోయాడండీ" అని. కార్ఖానా పేరు చెప్పాడు. పొద్దున ఫోన్లో నువ్వు అరిచిన గొట్టం అదేనని తెలిసిపోయింది. నా చెయ్యి వణకలేదురా. ఒక్క చుక్క పళ్ళెంలో పడలేదు. పక్కనే పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఆ పిచ్చివాడు నా తమ్ముడండీ, గట్టిగా ఒక మాట చెప్తే వింటాడు అన్నాను. టీ పొయ్యడం ఆపకుండానే అన్నాను. వాళ్ళు వెళ్ళాక నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఎంత నిబ్బరం అనుకున్నాను. అది నిబ్బరం కాదేమో, లెక్క అని ఇప్పుడనిపిస్తోంది.

నేను నీకు చెప్పిన మాటలు అబద్ధాలు కావు. నేను చెప్పడమే అబద్ధం.

ఇంతవరకు రాసినదంతా సలహా అన్నాను. ఇప్పుడు రాసేది సలహా కాదు, బతిమాలడం. తేడా తెలియాలని విడిగా రాస్తున్నాను. శుక్రవారం ఆ గది మాట ఎత్తకు. పిల్ల ఆ అబ్బాయి పేరు తలుచుకుంటేనే ముఖం మారిపోతుంది. నా బిడ్డ ఇంట్లోకి నీ కోపం అడుగుపెట్టనివ్వకు. పిన్నిగారి వైద్యం నేను చూసుకుంటాను, నా గాజులున్నాయి.

నువ్వు ఏం చేసినా నా తమ్ముడివే. కానీ చెయ్యకు.

అక్క

*

ప్యాకింగ్ గది పక్కన, బెంచీ మీద
శనివారం

అక్కా,

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున అందింది. చదివాను. చొక్కా ముట్టుకుని చూశాను. కాలరూ చంకలూ ఇంకా తడి. పొయ్యి వెలిగించి దాని మీద పట్టుకున్నాను కూడా. నాన్న మాట గుర్తొచ్చి పొయ్యి ఆర్పేశాను. తడి చొక్కానే తొడుక్కుని వెళ్ళాను.

లోపల కూర్చోగానే సూపర్‌వైజరు మొదలుపెట్టాడు. పిన్నికి కళ్ళు సరిగా కనపడవట. పని మీద ధ్యాస ఉండదట. ఆవిడ తన చేతి కట్టు వైపు చూసుకుంటూ కూర్చుంది. మేనేజరు నా వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అన్నాడు. కాలరు తడిమి చూసుకున్నాను. "నన్ను ఆఖర్న పిలవండి సార్" అన్నాను. "వాడికి చెప్పేది ఉంటేగా సార్. చేతికి దొరికింది విసరడమే వాడికి వచ్చిన భాష" అన్నాడు సూపర్‌వైజరు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆయన నవ్వాడు. అక్కా, ఆ గదిలో బల్ల మీద రాయి ఉంది, కాగితాలు ఎగరకుండా పెట్టేది. నున్నగా, గుప్పెట్లో పట్టేంత ఉంది. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

నా నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. వాళ్ళు స్టోరు వాడిని అడిగారు, డాక్టరు కాగితం చదివారు, టీ తాగారు. నేను మాటిమాటికీ కాలరు తడుముకుంటుంటే మేనేజరు, "ఏంటయ్యా, మెడ నొప్పా?" అన్నాడు. కాదండీ, ఆరిందో లేదో చూస్తున్నాను అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. నేను మటుకు ఆ కాసేపట్లో నీకు రాయని విషయం ఒకటి నాకు నేను చెప్పుకున్నాను.

ఆఖరికి కాలరు పొడిగా తగిలింది. లేచి నిలబడ్డాను.

"చల్లార్చే గది తలుపు టైముకి ముందే తీసింది నేనే సార్. సూపర్‌వైజరుగారు తియ్యమన్నారు. పగులుతాయని నాకు తెలుసు. తెలిసీ ఒకసారి తీశాను, తర్వాత రోజూ తీశాను. ఆవిడ చేతిలో పగిలిన సీసా నేను ఊదిందే, నేను తీసిందే. గొట్టం విసిరింది కూడా అందుకే. ఆయన మీద కోపం అనుకున్నాను, సగం నా మీదే. గొట్టానికి ఏ శిక్ష అయినా వెయ్యండి. కానీ ఆవిడ సరుకు జాగ్రత్తగానే పట్టుకుంది సార్."

గొంతు లేవలేదక్కా. నాకే వింతగా అనిపించింది. నా గొంతు అంత చిన్నగా కూడా ఉంటుందని తెలియదు. సూపర్‌వైజరే లేచి అరిచాడు. ఎవరూ నవ్వలేదు.

తేలింది ఇదీ. చల్లార్చే గది టైము పాతలాగే ఉండాలి. పిన్ని వైద్యం కార్ఖానాది, పనీ ఉంటుంది. ఆయన్ని వేరే విభాగానికి మార్చారు. నన్ను కొలిమి దగ్గరనుంచి తీసేశారు. గొట్టం విసిరినందుకు, తలుపు తీసినందుకు. ప్యాకింగ్‌లో వేశారు. పిన్ని చెయ్యి బాగయ్యేదాకా ఆవిడ బల్ల దగ్గరే నేను సీసాలకి కాగితం చుట్టాలి. ఇక్కణ్ణుంచి కొలిమి వెలుగు గోడ మీద కనపడుతుంది. వేడి మాత్రం రాదు. నా చోటు పోయిందక్కా.

నువ్వు రాసిన కాగితం తప్పు కాదు. గీత తప్పు చోట గీసుకున్నాం ఇద్దరం. నాలుక కట్టుకోవడం ఒక్కటే మన చేతిలో ఉందనుకున్నాం. దాన్ని సరిగ్గా విప్పడం కూడా మన చేతిలోదే.

పిల్లకి నేను రాయను. నువ్వు చెప్పు. లేకపోతే నన్ను రమ్మను, నేను చెప్తాను.

తమ్ముడు

*

పై వాటా
మంగళవారం

నీ ఉత్తరం అందింది.

ఇంట్లో అన్నిటికంటే మందమైన దుప్పటి తీసి ఉతికాను. తాడు మీద ఉంది. ముసురు ఇక్కడా తగ్గలేదు.

*

గేటు ఎదురు గది
ఆదివారం

అక్కా,

దుప్పటి సంగతి తెలిసింది. నేను తొందర పెట్టడం లేదు.

ఇవాళ సెలవు. పిన్ని ఇంటికి వెళ్ళాను. ఎడంచేత్తో టీ పెట్టడం నేర్చుకుంది, సగం నా కాళ్ళ మీద పోసింది. "నువ్వు కాగితం చుట్టడం ఏడ్చినట్టే ఉందట, మా వాళ్ళు చెప్పారు. తొందరగా వచ్చి నేర్పుతాలే" అంది.

తమ్ముడు

*

పై వాటా, వంటింటి బల్ల
గురువారం

ఒరేయ్ చిటపటా,

దుప్పటి ఆరింది.

అది తడిగా ఉన్నన్నాళ్ళూ నీకు ఏమేం రాద్దామనుకున్నానో చెప్తే నువ్వు ఈ ఇంటి గడప తొక్కవు. మొదటిరోజైతే ఊరుకోబట్టలేక ఉతికే పేరుతో దాన్ని బండకేసి బాదాను. కింద వాటా ఆవిడ ఏమైందని పైకొచ్చింది. మా అత్తగారి ఉప్పు మాటలకి నేను ఎదురు చెప్పలేదని గొప్పగా రాశానే, అవన్నీ లోపలే ఉన్నాయట. ఆ బండ దగ్గర బయటపడ్డాయి. నేను ఆరలేదురా ఇన్నేళ్ళూ. తొందరగా తీసేసిన సీసానే నేను. పైకి నిగనిగలాడుతూ ఉన్నానంతే.

బాదీ బాదీ చేతులు పడిపోయాక, వచ్చి పిల్లకి నేనే చెప్పాను. మొత్తం. టీ పోసినప్పుడు నేనేమన్నానో అది కూడా. విని, చేతిలో ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. తర్వాత, "మామయ్య చెప్పింది నిజమేనా? అదొక్కటే చెప్పు" అంది. నిజమే అన్నాను. "మరి నువ్వెందుకు వద్దన్నావు?" అంది. నీ కోసం అన్నాను. "నా కోసం అని అనకమ్మా. నన్ను అడగలేదుగా" అంది. ఆ మాట నీ గొట్టంలా నా చెవి పక్కనుంచి పోలేదు, తగిలింది. తగలనిచ్చాను.

వాళ్ళిద్దరూ ఏం చేసుకుంటారో నాకు తెలియదు. మీ సూపర్‌వైజరు ఈ సంబంధం వద్దని కబురు పంపాడు. అబ్బాయి ఆ కబురు వెనకాలే ఇవాళ పొద్దున మా ఇంటికి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. "మా నాన్న మీద చెప్పలేనంత కోపంగా ఉందండీ. ఇప్పుడే వెళ్ళి కడిగేసి వస్తాను. మీ అమ్మాయికి ఒక మాట చెప్పి వెళ్దామని వచ్చాను" అన్నాడు. గుమ్మంలోంచే వెనక్కి తిరగబోయాడు.

నేను అడ్డు పడలేదు. ఈసారి లెక్క వేసి కాదు. అది నా పక్కది కాదు. పిల్ల మాత్రం వెళ్ళి అతని దారికి అడ్డంగా నిలబడి, మన నాన్న సంగతి చెప్పింది. చొక్కా సంగతి, తాడు సంగతి, నువ్వు కాలరు కమిలించుకున్న సంగతి. అతను ముందు నమ్మలేదు. ఎగతాళి చేస్తున్నావా అన్నాడు. తర్వాత ముంజేతి గుండీలు విప్పుకుంటూ నా వైపు చూసి, "సబ్బు ఎక్కడుందండీ?" అన్నాడు.

ఇప్పుడు ఆ అబ్బాయి మీ బావ చొక్కా తొడుక్కుని ముందు గదిలో కూర్చున్నాడు. అందులో అతనిలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. మీ బావ పేపరు చదువుతున్నట్టు నటిస్తూ మధ్యమధ్య కిటికీలోంచి చూసి, "ఇంకా చినుకులేనోయ్" అని చెప్తున్నారు. పిల్ల అక్కణ్ణుంచి లేవడం లేదు.

నీ చోటు పోయిందని రాశావు. ఆ వాక్యం చాలాసార్లు చదివాను. దానికి నా దగ్గర మంచి మాట లేదు. ఉంటే రాసేదాన్నే.

ఫోను చెయ్యొచ్చు ఇక. చెయ్యడం కాదు, రా. సెలవు దొరికిన రోజు రా. ఏ చొక్కాతో వచ్చినా పర్లేదు, తాడు మీద దుప్పటి తీసేశాను. చోటుంది.

అక్క